గుల్బర్గా దారిలో పదకొండు మందిమి

ముస్లింలు, కార్లు అనగానే తెలుగు పాఠకులకు మొదట గుర్తొచ్చేది నిజాం గారి గ్యారేజీ. 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్, పసుపు రంగు, వెనక సింహాసనం లాంటి సీటు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిస్తే అది వచ్చేసరికి ఆయన లేడు, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతికొచ్చింది. చౌమహల్లా ప్యాలెస్‌లో టికెట్ కొనుక్కుని మేమూ దాన్ని చూశాం. పిల్లలు ఫొటోలు దిగారు. పక్కన నిలబడ్డ ఓ పెద్దమనిషి మా ఆడవాళ్ల బుర్ఖాలు చూసి, "మీ నవాబుల దర్జాయే వేరండీ" అన్నాడు. ఎగతాళి కాదు, మెచ్చుకోలే. అయినా ఇంటికొచ్చేదాకా ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మా దాదా నాల్‌బంద్. ఎడ్ల కాళ్లకు నాడాలు కొట్టి బతికినవాడు. మా ఖాందాన్‌లో నాలుగు చక్రాల బండి ఎక్కిన మొదటి తరం మాదే.

ఆ బండి కథ చెప్పుకుందామనే ఇది రాస్తున్నాం. బండి కథ చెప్పాలంటే అది నడిచిన రోడ్డు కథ చెప్పాలి. రోడ్డు కథ చెప్పబోతే ఇంట్లో ఎవరూ చెప్పని సంగతులు రెండు అడ్డమొస్తాయి.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పని దొరకడం మొదలయ్యాక మా జిల్లాల నుంచి ఎందరు పోయారో లెక్కలేదు. మా చిచ్చా కూడా డ్రైవర్ వీసా మీద సౌదీ పోయాడు. 1984లో తిరిగొచ్చినప్పుడు రెండు కంబళ్లు, ఒక టూ-ఇన్-వన్, కొంత డబ్బు తెచ్చాడు. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో పాత ట్యాక్సీ అంబాసిడర్ ఒకటి కొన్నాడు. మీగడ రంగు వేయించాడు గానీ తలుపుల అంచుల్లో పాత నలుపు కనిపిస్తూనే ఉండేది. ముందు అద్దం మీద 786 స్టిక్కర్, అద్దానికి వేలాడే కాబా బొమ్మ. సంగారెడ్డిలో అది కిరాయి కారు. పెళ్లికొడుకులు, కాన్పు నొప్పులు, ఎలక్షన్లలో అన్ని పార్టీల వాళ్లూ ఎక్కేవారు. ఏడాదిలో మూడు రోజులే అది మాది. ఆ మూడు రోజులూ గుల్బర్గా ఖాజా బందానవాజ్ ఉర్సుకు.

ఉర్సు జిల్‌ఖద్ నెల 15 నుంచి 17 దాకా. చాంద్ లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 1985లో మేం మొదటిసారి పోయినప్పుడు ఆగస్టు, దారంతా వాన. తర్వాత్తర్వాత జులై, జూన్. చివరిసారి 1992లో మే నెల, మామిడిపండ్ల కాలం. మధ్యలో 1991లో పోలేదు. రాజీవ్ గాంధీ హత్య జరిగి కొద్ది రోజులే అయింది, రోడ్డెక్కాలంటే పెద్దవాళ్లకు భయం వేసింది. అంటే ఏడుసార్లు. ఏడుసార్లు చేసిన ప్రయాణం కాబట్టే ఇప్పుడు ఏది ఏ ఏడాది జరిగిందో కలగాపులగమైపోయింది. ఒక్కోసారి వానలో తడిసిన చాదర్ వాసన, మామిడిపండ్ల వాసన ఒకే ప్రయాణంలోవిగా గుర్తొస్తాయి.

పదకొండు మందిమి. ముందు సీటు బల్లలా ఒకటే పొడవు, గేరు స్టీరింగ్ దగ్గరే ఉంటుంది కాబట్టి చిచ్చా, అబ్బా, మధ్యలో ఇద్దరు పిల్లలు. వెనక ఎడమ కిటికీ దాదీది. ఆ చోటు ఎవరికీ ఇవ్వదు. తర్వాత అమ్మీ, చిచ్చీ, ఫుప్పూ, ఒళ్లల్లో మిగతా ముగ్గురు పిల్లలు. పైన క్యారియర్ మీద హోల్డాల్, చాపలు, బోర్లించిన దేగ్చీ. డిక్కీలో సురాహీ, తోషా. తోషా అంటే ప్రయాణానికి కట్టుకునే తిండి. ఖీమా, తలావా గోష్త్, టమాటా చట్నీ, రోటీలు, ఉడకబెట్టిన గుడ్లు. గుడ్లు సదాశివపేట దాటకుండానే అయిపోయేవి. టూ-ఇన్-వన్ అబ్బా ఒళ్లో. ఖవ్వాలీ క్యాసెట్ నడుస్తుంటే బ్యాటరీలు అయిపోతున్నకొద్దీ పాడేవాడి గొంతు మందంగా, ముసలిగా మారిపోయేది. అందరం పడీపడీ నవ్వేవాళ్లం. "హల్లూ చలారే బాబా" అని దాదీ ప్రతి మలుపు దగ్గరా కేకేసేది. హల్లూ అంటే మెల్లగా. ఆ అంబాసిడర్‌కు మెల్లగా తప్ప ఇంకో రకంగా పోవడం తెలియదని ఆమెకు ఎవరు చెప్పాలి? రేడియేటర్ మరిగితే ఆగడం, టైరు పేలితే ఆగడం, నమాజ్ వేళకు ఆగడం. 160 కిలోమీటర్ల చిల్లర దారికి ఒక పూటంతా పట్టేది.

అది అప్పట్లో 9వ నెంబరు జాతీయ రహదారి. పుణె నుంచి షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా. 2010లో నెంబర్లు మార్చినప్పుడు 65 అయింది. సంగారెడ్డి చౌరస్తాలో ఎక్కితే జహీరాబాద్, చిరాగ్‌పల్లి దగ్గర సరిహద్దు, హుమ్నాబాద్. అక్కడ ఎడమకు తిరిగితే కమలాపూర్, గుల్బర్గా.

జహీరాబాద్ రాగానే దాదీ సర్దుకుని కూర్చునేది. "లో, అప్నా జిల్లా ఆగయా" అనేది. మన జిల్లా వచ్చేసిందని.

"దాదీ, ఇది ఇంకా మెదక్ జిల్లానే. బోర్డు చూడు" అనేవాళ్లం.

"మెదక్ తుమారీ కితాబ్‌లో. నా జిల్లా బీదర్."

మాకది ముసలితనం చాదస్తంలా ఉండేది. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, దాదీ చెప్పింది అక్షరాలా నిజమని. 1956 నవంబర్ 1 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోదే. హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల లెక్కన విడదీసినప్పుడు మరాఠ్వాడా జిల్లాలు ఐదు బొంబాయి రాష్ట్రానికి, గుల్బర్గా, బీదర్, రాయచూర్ మైసూరుకు, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఇది పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యం. పుస్తకాల్లో లేనిది ఏమిటంటే, జిల్లాలను కూడా ముక్కలు చేశారు. బీదర్‌నే తీసుకోండి. ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్ తాలూకాలు బొంబాయికి పోయాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు మెదక్‌లో కలిపారు. మిగతాది మైసూరుకు. అలాగే గుల్బర్గా నుంచి కొడంగల్, తాండూరు ఇటొచ్చాయి. భాష ప్రకారం విభజన న్యాయమే అనుకుందాం. తెలుగువాళ్లకు తెలుగు రాష్ట్రం, కన్నడిగులకు కన్నడ రాష్ట్రం, మరాఠీలకు మరాఠీ రాష్ట్రం. మరి ఇంట్లో దక్నీ మాట్లాడుతూ బజార్లో ఈ మూడూ మాట్లాడే మాలాంటి వాళ్లను ఏ గంపలో వేశారు? ఎక్కడి వాళ్లను అక్కడే వేశారు. దాదీ తమ్ముడి పిల్లలు హుమ్నాబాద్‌లో కన్నడ చదివారు. ఉద్గీర్‌లో ఉన్న ఖాలా పిల్లలు మరాఠీ చదివారు. మేం సంగారెడ్డిలో తెలుగు. ఒకే జిల్లాలో పుట్టిన ముగ్గురు తోబుట్టువుల మనవలు ఉత్తరం రాసుకోవాలంటే ఉర్దూ ఒక్కటే దిక్కు. అందులో సగం మందిమి ఉర్దూ చదవడమే మానేశాం.

అందుకే ఉర్సు మాకు జియారత్ ఎంతో, చెదిరిన జిల్లా మళ్లీ ఒకచోట కూడే సందర్భం కూడా అంతే. దర్గా ఆవరణలో చాపలు పరిచి, ఇటు హుమ్నాబాద్ వాళ్లు, అటు ఉద్గీర్ వాళ్లు, మధ్యలో మేం. మా ఇళ్లల్లో నాలుగు సంబంధాలు ఆ చాపల మీదే కుదిరాయి. 1398లో తైమూర్ ఢిల్లీ మీద పడితే దక్షిణానికి వచ్చి, ఫిరోజ్ షా బహమనీ కాలంలో గుల్బర్గాలో స్థిరపడి, 1422లో కన్నుమూసిన బందానవాజ్ కూడా ఊరు చెదిరి వచ్చినవాడే కదా అని అబ్బా అనేవాడు. అబ్బా ఉర్దూ మీడియం టీచర్, ఆయనకు ప్రతిదీ పాఠమే. మాకు మాత్రం గుర్తున్నది దర్గా బయట గాజుల దుకాణాలు, కమలాపూర్ దగ్గర రోడ్డు మీద అమ్మే ఎర్ర అరటిపండ్లు. ఆ రంగు అరటిపండ్లు మేం ఇంకెక్కడా చూడలేదు.

చిరాగ్‌పల్లి దాటగానే బోర్డుల మీద అక్షరాలు మారిపోయేవి. బాజీది ఉర్దూ మీడియం, ఆమెకు అవన్నీ గుండ్రటి గీతలు. తెలుగు మీడియంలో వేసిన మేం మాత్రం గట్టిగా చదివేసేవాళ్లం. తలకట్టు తేడా తప్ప సగం అక్షరాలు మనవే. "ఈ పోరగాళ్లకు కన్నడ ఎట్లా వచ్చె?" అని చిచ్చా ఆశ్చర్యపోయేవాడు. మమ్మల్ని తెలుగు మీడియంలో వేసినప్పుడు మసీదు దగ్గర నలుగురు అబ్బాను నిలదీశారట, ఉర్దూ టీచరై ఉండి పిల్లల నోట ఉర్దూ లేకుండా చేస్తావా అని. ఆయన జవాబు చెప్పలేదు. కానీ బోర్డు బోర్డుకూ మేం చదువుతుంటే అద్దంలోంచి వెనక్కి చూసి నవ్వుకునేవాడు.

ఇక్కడిదాకా అందరి ఇళ్లల్లో ఉండే ప్రయాణమే. మిగతాది రాయడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది.

హుమ్నాబాద్ ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డుకు ఎడమ పక్క ఒక మోటబావి. పక్కన రెండు చింతచెట్లు. అది కనిపించేముందే దాదీ భుజం మీది తువ్వాలు తీసి కిటికీకి అడ్డం పట్టేది. చిచ్చా టేపు ఆపేసేవాడు, ఎవరూ చెప్పకుండానే. పెద్దవాళ్ల పెదవులు కదిలేవి. ఫాతిహా చదువుతున్నారని తెలిసేది గానీ ఎవరి కోసమో తెలిసేది కాదు. "ఆ బావిలో జిన్నులున్నాయి, చూడొద్దు" అని ఫుప్పూ మా కళ్లు మూసేది. ఆమె వేళ్ల సందుల్లోంచి మేం చూసేవాళ్లం. బావి, చింతచెట్లు, ఒక్కోసారి మేక. అంతే. ఒక నిమిషం తర్వాత టేపు మళ్లీ మొదలయ్యేది.

అక్కడి నుంచి కొంచెం ముందుకు పోయి కారు మట్టిరోడ్డు మీదికి తిరిగేది. అది దాదీ పుట్టిన ఊరు. ఊరి పేరు రాయం. అక్కడ ఇంకా మనుషులున్నారు, రెండు వైపుల వాళ్లూ. ఊళ్లో మావాళ్లంటూ ఎవరూ లేరు, ఒక్క ముస్లిం ఇల్లూ లేదు. మసీదు ఉన్నచోట మొండిగోడ, దాన్ని ఆనుకుని గడ్డివాము. మేం పోయేది ఓ లింగాయతుల ఇంటికి. ఆ ఇంటి పెద్దావిడను అందరూ అవ్వ అనేవారు, మేమూ అవ్వే. నుదుటి మీద విభూతి, మెడలో లింగం. దాదీ, అవ్వ ఒకరి చేతులొకరు పట్టుకుని గుమ్మంలోనే కూర్చునేవారు. ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. మాకు జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పెరుగు. దాదీ మలీదా డబ్బా ఇచ్చేది. మాంసం ఉన్న డబ్బాలు కారులోంచి దింపేవాళ్లు కాదు. అవ్వ ఎప్పుడూ అడగలేదు, దాదీ ఎప్పుడూ మరిచిపోలేదు.

దాదీ 1999లో పోయింది. నలభయ్యో రోజు వంటలన్నీ అయ్యాక ఫుప్పూ చెప్పింది. బావిలో జిన్నులు లేవు. దాదీ చెల్లెళ్లిద్దరు ఉన్నారు. ఒకరికి పదహారు, ఒకరికి పద్నాలుగు. 1948 సెప్టెంబర్‌లో, పోలీస్ యాక్షన్ అయిన వారానికి, ఊరి మీదికి మంది వచ్చినప్పుడు వాళ్లు దూకేశారు. దాదీ కూడా దూకవలసిందే. వెనక నుంచి అవ్వ జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయింది. బొట్టు పెట్టి, ఇల్కల్ చీర కట్టి, మాట్లాడితే దొరికిపోతావు, మూగదానివని చెబుతానని చెప్పి జొన్న గాదె వెనక పదకొండు రోజులు దాచింది. ఫుప్పూ అప్పటికి దాదీ కడుపులో ఐదో నెల.

ఆ రోడ్డు సంగతి మళ్లీ చూడండి. 1948 సెప్టెంబర్ 13న జనరల్ చౌధురి సైన్యం షోలాపూర్ నుంచి బయల్దేరి నల్దుర్గ్ దగ్గర హైదరాబాద్ రాజ్యంలోకి అడుగుపెట్టింది. హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా వచ్చి 18న రాజధానిలో లొంగుబాటు తీసుకుంది. మేం అంబాసిడర్‌లో గుడ్లు తింటూ పోయిన దారే. ఆ ఐదు రోజుల యుద్ధం గురించి పుస్తకాలున్నాయి. తర్వాతి వారాల గురించి, నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తిరిగి ఒక నివేదిక రాశారు. పోలీస్ యాక్షన్ సమయంలోనూ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని వాళ్ల అంచనా. అన్నిటికన్నా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. కొన్ని భాగాలు అప్పుడప్పుడూ బయటికొచ్చినా, మామూలు పాఠకుడికి మొత్తంగా అందుబాటులోకి వచ్చింది 2013లో. అరవై అయిదేళ్లు! ఆ అరవై అయిదేళ్లూ మా ఇంట్లో ఆ నివేదిక ఒక తువ్వాలు ముక్క.

నివేదికలో బావుల ప్రస్తావన ఉంది, ఆడవాళ్లు వాటిలో దూకడమూ ఉంది. ముస్లిం పొరుగువారిని ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల గురించీ ఉంది. అంతకుముందు రజాకార్లు చేసిన దారుణాల గురించి కూడా ఉంది. చదివినప్పుడు మొదటి రెండూ మాకు తెలిసినవే. మూడోది మా ఇంటి గడపలోకి వస్తుందని మేం అనుకోలేదు.

మేం అప్పటికి పత్రికల్లో ఉన్నాం. కొన్నాళ్లు ఉర్దూ డెస్క్, కొన్నాళ్లు తెలుగు డెస్క్. ప్రతి సెప్టెంబర్ 17కు ఉర్దూలో 'సుకూత్-ఎ-హైదరాబాద్' అని శీర్షిక పెట్టాం, తెలుగులో విమోచన అనో విలీనం అనో పెట్టాం, యజమాని ఏదంటే అది. నివేదిక చేతికొచ్చిన ఏడాది ఇద్దరం ఆ ఊరికి పోయాం, రాసుకుందామని. అవ్వ లేదు, ఎప్పుడో పోయింది. ఆమె కొడుకు ఉన్నాడు, మేం కాకా అంటాం. 1948లో ఆరేళ్లవాడు. అదే గుమ్మంలో కూర్చోబెట్టి, అవే రొట్టెలు పెట్టి, కాసేపు ఊరుకుని అడిగాడు:

"మీ చిన్నదాదా సంగతి కూడా రాస్తారా?"

ఏ చిన్నదాదా? దాదాకు ఒక తమ్ముడు ఉన్నాడని, కరాచీ పోయాడని మాత్రం తెలుసు. కారులో ఆయన మాట వస్తే 'కరాచీ వాడు' అనేవారు, పేరు ఎత్తేవారు కాదు. పాకిస్తాన్ పోయినవాడి పేరెత్తితే ఇక్కడ అనుమానిస్తారన్న భయమేమో అనుకునేవాళ్లం. కాకా చెప్పాడు. చిన్నదాదా ఖాకీ వేసుకున్న రజాకార్. 1948 ఎండాకాలంలో అతని జట్టు వచ్చి ఈ ఇంటి గాదెలు ఊడ్చుకుపోయింది. అడ్డుపడిన కాకా చిన్నాయన కాలు విరగ్గొట్టింది. ఆ కాలు మళ్లీ అతుక్కోలేదు. బతికినన్నాళ్లూ కుంటుతూనే ఉన్నాడు.

"అవ్వకు తెలుసా, దాదీ ఎవరి వదినో?"

"తెలవక? కాలు విరిగినాయన లోపలి అర్రల మంచం మీదనే ఉండె. ఆయన మంచానికి, మీ దాదీ దాక్కున్న గాదెకు నడుమ ఒక్కటే గోడ. ఆయనకూ తెలుసు. ఆయన నోరు తెరవలే."

మేం నోట్‌బుక్ మూసేశాం. ఆ వారం పత్రికలో మా వ్యాసం రాలేదు.

ఎందుకు రాయలేదని మమ్మల్ని మేం చాలాసార్లు అడుక్కున్నాం. బావి గురించి రాస్తే మావాళ్లు మెచ్చుకుంటారు. గాదెల గురించి రాస్తే, చూశారా వీళ్లే ఒప్పుకున్నారు అనేవాళ్లు దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుంటారు. ముస్లిం అన్న ప్రతివాడినీ రజాకార్ అని పిలవడం అలవాటైన చోట, మా ఇంట్లో ఒక రజాకార్ ఉన్నాడని ఏ నోటితో చెప్పాలి? కానీ 1948 ఆగస్టు 22న హైదరాబాద్‌లో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే, ఉర్దూ జర్నలిస్టే. ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాసినందుకు రజాకార్లు ఆయన్ని చంపారు. ఆ వారంలోనే, 27న, బైరాన్‌పల్లి. ఉర్దూ డెస్క్ మీద కూర్చుని ఆయన పేరు చెప్పుకుంటూ, మా ట్రంకు పెట్టె అడుగున ఖాకీ బట్టల్లో ఉన్న ఫొటోను దాచుకోవడం కుదరదు. ఫొటో ఉంది. ఫుప్పూ చూపించింది. మీసాలు కూడా సరిగా రాని కుర్రవాడు, తుపాకీ పట్టుకోవడం కూడా రానట్టు నిలబడ్డాడు. ఆ ముఖం అచ్చం మాలో చిన్నవాడి ముఖం.

దాదీ ఆ ఊరికి ఏటా ఎందుకు పోయేదో అప్పుడు కొంచెం అర్థమైంది. ప్రాణం కాపాడినందుకు కృతజ్ఞత అని ఫుప్పూ అనుకుంది. ఒక్క కృతజ్ఞతే అయితే ఆ ఇంటి గుమ్మం దాటి లోపలికి పోవచ్చు కదా? ఏడుసార్లలో ఒక్కసారి కూడా ఆమె లోపలి అర్రలోకి పోలేదు. గుమ్మంలోనే కూర్చునేది.

1992 మేలో చివరి ప్రయాణం. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన కొట్లాటల తర్వాత మా పెద్దవాళ్ల మాటల్లోనే తేడా వచ్చింది. రాత్రిపూట ప్రయాణం వద్దనుకున్నారు గానీ ఆసారి తిరుగు దారిలో రేడియేటర్ మరిగి చీకటి పడింది. ఓ చోట కారు ఆపారు. అందర్నీ దిగమన్నారు. టార్చి 786 మీద పడింది, అబ్బా టోపీ మీద పడింది, తర్వాత దేగ్చీ మూత ఎత్తి లోపల పడింది. "ఎక్కడోళ్లు?" అంటే దాదీ ఎప్పటిలాగే "బీదర్ జిల్లా" అంది. చిచ్చా లైసెన్సు మీద మెదక్. ఒకే కారులో రెండు జిల్లాలేమిటి, ఎవరు అబద్ధం చెబుతున్నారు అని అరగంట నిలబెట్టారు. 1956లో జరిగింది ఆ చీకట్లో ఎవరు వివరిస్తారు? అబ్బా టీచర్ కాబట్టి వివరించబోయాడు కూడా. చిచ్చా చెయ్యి నొక్కాడు. పిల్లలం రోడ్డు పక్క వరసగా నిలబడి ఒకరినొకరం లెక్కపెట్టుకున్నాం. పదకొండు మందిమి ఉన్నాం.

ఆ డిసెంబర్ 6 తర్వాత చిచ్చా బ్లేడు పెట్టి 786 స్టిక్కర్ గీకేశాడు. అన్ని మతాల వాళ్లూ ఎక్కే కిరాయి కారు, ఎందుకొచ్చిన గొడవ అన్నాడు. స్టిక్కర్ పోయింది గానీ జిగురు మరక పోలేదు. ఎండ పడితే ఆ అంకెలు ఇంకా బాగా కనిపించేవి. 1993 ఉర్సుకు మేం పోలేదు. 1995లో కారు అమ్మేసి చిచ్చా మళ్లీ సౌదీ పోయాడు. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 2014లో అంబాసిడర్ తయారీనే ఆపేశారు. అదే ఏడాది నవంబర్ 1న గుల్బర్గా కలబురగి అయింది. మేం తెలంగాణ అయ్యాం. 2016లో జిల్లాలు మళ్లీ కోసినప్పుడు జహీరాబాద్ మెదక్ నుంచి సంగారెడ్డి జిల్లాలోకొచ్చింది. దాదీ ఉంటే ఈ కొత్త బోర్డు చూసి ఏమనేదో!

కొన్నేళ్లుగా మళ్లీ పోతున్నాం. నాలుగు వరుసల రోడ్డు, ఏసీ కారు, రెండున్నర మూడు గంటలు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బావి పూడ్చేశారు. ఒక చింతచెట్టు మిగిలింది. దాని కింద ఇప్పుడు ధాబా, లారీలు నిలిపే చోటు. మొదటిసారి అటు పోయినప్పుడు పిల్లలు చాయ్‌కి ఆపమన్నారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు, తెలుగు బోర్డూ చదవలేరు, కన్నడ బోర్డూ చదవలేరు. కారు ఆపి ఏం చెప్పాలో తెలియక స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాం. వాళ్లే దిగి చెట్టు కింద కుర్చీలు లాక్కున్నారు. కాసేపటికి మేమూ దిగాం. ఫాతిహా చదువుకుని, చాయ్ తాగి, జరిగింది మొత్తం చెప్పాం. బావి గురించి, గాదె గురించి, ఖాకీ ఫొటో గురించి. పెద్దమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, ఆ కాలు విరిగినాయన పేరేమిటని. మాకు తెలియదు. ఇన్నేళ్లలో మేం అడగనే లేదు.

ఆ సాయంత్రం కాకాను అడిగి, పేరు రాసుకున్నాం. ఇక్కడ రాయం, మా పిల్లల దగ్గరుంది.

జిల్‌ఖద్ చాంద్ కనిపించగానే ఇప్పటికీ కాకా నుంచి ఫోనొస్తుంది. ఎనభై దాటినాయన, చెవులు సరిగా వినపడవు, అందుకని గట్టిగా అరుస్తాడు. "కిత్తే జనా ఆరె?" ఎంత మంది వస్తున్నారని. రొట్టెల లెక్క కోసం. నలుగురమే కాకా అంటే నమ్మడు. "ఆ బండిల పదకొండు మంది వచ్చేటోళ్లు గదా" అంటాడు.